ఏడో జాడీకి ఉప్పు వెయ్యలేదు

బాధపెడితే వేరు ఇచ్చేది మందా, ఏడుపా? ఆరేళ్ళుగా ఆ వేళ్ళకు ఉప్పు కొలిచి వేసిన ప్యో గ్యువన్ తనను తాను ఈ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఇంజె కొండల కింద, జిన్‌సెంగ్ వేళ్ళను మట్టి లేకుండా గాజు జాడీల్లో పెంచే ప్రయోగశాల. ఉదయం తొమ్మిది. ఎదురుగా డైరెక్టర్ బోంగ్.

"మళ్ళీ చెప్పు. ఎన్ని పోయాయి?"

"పదకొండు."

"పన్నెండు జాడీల్లో పదకొండా?"

"అవును డైరెక్టర్‌గారూ. నిన్న సాయంత్రానికి గోధుమరంగు తిరిగాయి. ఇప్పుడు నలుపు. తాకితే ముద్దముద్దగా ఊడొస్తున్నాయి."

"మధ్యాహ్నం పన్నెండు గంటలకి సియోల్ నుంచి మందుల కంపెనీవాళ్ళు వస్తున్నారు. తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఇలా నిలబడ్డావ్. కాలు ముందుకి పెట్టు."

"డైరెక్టర్‌గారూ, నాకు నలభై రెండేళ్ళు."

"సైన్యంలో మా కెప్టెన్ నా ముంగాలి మీద తన్నేటప్పుడు నాకెన్నేళ్ళని అడగలేదు. పెట్టు! ...ఆ. నొప్పెట్టిందా?"

"పెట్టింది."

"రెండోది. ...ఇప్పుడు చెప్పు. ఉప్పెంత?"

"లీటరుకి మూడు గ్రాములని రాసిచ్చాను. మూడు గ్రాములకి వేరు కాస్త సన్నబడుతుంది, కానీ చేదు రెట్టింపవుతుంది. ఐదు దాటితే ఎదగదు. ఎనిమిదైతే చస్తుంది."

"మూడే అయితే ఎందుకు చచ్చాయి?"

"వేసింది నేను కాదు కదండీ. మీరు. సోమవారం, కెమెరా ముందు. వేళ్ళకి పోసే ద్రావణం పీపాలోకి, దోసిలితో."

"దోసిలితో పోస్తేనే బొమ్మ బాగుంటుందన్నాడు ఆ ప్రకటన తీసేవాడు. చెంచాతో కొలుస్తూ ఉంటే ఎవడు చూస్తాడు?"

"మన సీసాలోని ఉప్పు కూడా కాదు. అదిగో, ఆ సంచీలోది."

"సిన్‌ఆన్ సముద్రపుప్పు అది! మన కొండ, మన సముద్రం. నా ఆలోచన. బాగోలేదా?"

"ద్రావణం కాచాక కొలిచి చూశాను. తొమ్మిది చూపించింది."

"చూపిస్తే నాకు చెప్పావా?"

"చెప్పలేదు."

"ఎందుకని?"

"అప్పటికే కాళ్ళు వాచి ఉన్నాయి."

"ఏమన్నావ్? ఏదీ, మళ్ళీ అను. ...ఇది చెంపకి. ఇంకోటి కావాలా? ...తుడుచుకో. పెదవి చిట్లింది, నేల పాడవుతుంది."

"తుడుచుకుంటున్నానండీ."

"చూడు ప్యో, నీకు నేనేమీ శత్రువుని కాదు. మనిషి కూడా ఈ వేరులాంటివాడే. సుఖంగా ఉంచితే లావెక్కుతాడు, అంతే. పిండితేనే పనికొచ్చేదేదో కారుతుంది. ఈ ఉప్పు సంగతి నువ్వు కనిపెట్టావంటే ఎవరి వల్ల? నా తన్నుల వల్ల."

"నిన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను."

"మరి ఆ ఏడో జాడీ ఎలా బతికింది?"

"దాని గొట్టం మూసేశాను. అది విత్తనానికని అట్టేపెట్టిన జాడీ. దానికి ఎప్పుడూ ఉప్పు వెయ్యలేదు. తక్కిన పదకొండూ దాన్నుంచి తీసినవే."

"పన్నెండు గొట్టాలూ మూయచ్చుగా?"

"ఒకటి మూస్తే మీకు తెలియదనుకున్నాను."

"అంటే పదకొండు చస్తుంటే చూస్తూ కూర్చుని ఒకటి దాచుకున్నావన్నమాట. నన్ను మించినవాడివే నువ్వు. సరే, ఒకందుకు మంచిదే. తీసి కోసెయ్. కడిగి ఆరబెట్టి వాళ్ళ చేతిలో పెడదాం."

"వద్దండీ. ఇక్కడ మూత తీస్తే గాలిలోని బూజు పట్టేస్తుంది. క్రిములు చేరని పెట్టె మీ కెమెరా దీపాలకి వైరు కాలి సోమవారం నుంచి పనిచెయ్యట్లేదు. దాన్ని మూత తియ్యకుండా వేరేచోటికి తీసుకెళ్ళాలి. చిటికెడు ముక్క బతికినా ఆర్నెల్లలో మళ్ళీ పన్నెండూ నింపుతాను."

"ఆర్నెల్లు! నాకున్నది మూడు గంటలు. కత్తి తీసుకో."

"డైరెక్టర్‌గారూ, మా నాన్న చచ్చింది ఆ వేరు కోసం. దాన్ని తవ్విన రోజే, ఆ కొండమీదే. లోకం మొత్తంలో ఇక మిగిలిందల్లా ఆ జాడీలో ఉంది."

"మీ నాన్న కొండమీద చచ్చాడు. మనం ఇక్కడ మధ్యాహ్నానికి చస్తాం. కత్తి తీసుకోమన్నానా!"

"తలుపు తియ్యండి!"

"ఎవడది?"

"మేంగ్ పెదనాన్న. నాన్నతో కలిసి కొండెక్కి జిన్‌సెంగ్ తవ్వినాయన. మనకి తల్లివేరు ఇచ్చినాయన."

"ఆ ముసలాడా? తరవాత రమ్మను."

"ఒరే గ్యువన్! లోపలున్నావని తెలుసురా. తియ్యి!"

"పెదనాన్నా, ఇప్పుడు కాదు. సాయంత్రం నేనే మీ ఇంటికి—"

"సాయంత్రం దాకా ఈ గొడ్డలి ఆగదు. పక్కకి తప్పుకో!"

"ఏయ్, ఏయ్! గాజు తలుపది! ప్యో, ఆపు వాణ్ణి— అమ్మో!"

"పెదనాన్నా, మీ చెయ్యి! చెయ్యంతా నెత్తురు!"

"నా నెత్తురేలే, నువ్వు కంగారుపడకు. ఇతనేనా నీ డైరెక్టరు? దోసిలితో ఉప్పు పోసింది ఇతనేనా?"

"నేనే పెద్దాయనా. ముందు ఆ గొడ్డలి అలా పెట్టి, కూర్చుని, టీ తాగుతూ—"

"టీ నువ్వు తాగు. పొద్దున్నే నా మనవరాలు ఫోన్‌లో చూపించింది. ఏమని రాయించావ్? 'కష్టపడిన వేరు, మూడింతల చేదు.' అందులో వేషగాడొకడు 'సింబ్వత్తా' అని అరవడం, చుట్టూ పదిమంది నిలబడి చప్పట్లు కొట్టడం! నిలబడి!"

"నిలబడితే ఏమైంది?"

"ఒరే గ్యువన్, నువ్వే చెప్పు వీడికి. నాకు నోరు రావట్లేదు."

"వేరు చూసినవాడు 'సింబ్వత్తా' అని మూడుసార్లు అరుస్తాడండీ. వేరు కనబడింది అని. ఆ కేక వినగానే తక్కినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూర్చోవాలి. అటు చూడకూడదు. అరిచినవాడు లెమ్మనేదాకా లేవకూడదు. అక్కడ ఉన్నదంతా అతనిదే."

"లేస్తే?"

"..."

"ఏం ముసలాయనా, నిన్నే. లేస్తే ఏమవుతుంది?"

"లేవరు."

"అదే, ఒకవేళ—"

"లేవరని చెప్పానా! ఒరే గ్యువన్, నిజం చెప్పు. ఉప్పు వెయ్యడం నీ తెలివేనా?"

"నాదే, పెదనాన్నా."

"దేనికి?"

"కొద్దిగా ఉప్పు తగిలితే వేరు చావొచ్చిందనుకుంటుంది. తనని తాను కాపాడుకోవడానికి చేదు తయారుచేసుకుంటుంది. ఆ చేదే మనకి మందు."

"భయపెట్టి పిండుతున్నావన్నమాట."

"కొండమీద మాత్రం ఏమిటి? చలి, రాయి, ఎండ, ఎలుకలు. నూరేళ్ళు అదే కష్టం పడింది. ఇక్కడ నూరేళ్ళు ఆగలేం. నలభై రోజుల్లో కావాలి. అందుకని—"

"అందుకని కొండని తీసేసి కష్టం ఒక్కటీ ఉంచారు."

"...అంతే. అలా ఎప్పుడూ అనుకోలేదు. కానీ అంతే."

"ఆ సంచీ ఇలా తే. ...థూ! ఒరే, ఇది ఈ ఏటి ఉప్పు! ఇంకా చేదునీళ్ళు ఓడుతోంది. మూడేళ్ళు పీటమీద పెట్టి నీళ్ళు కారనివ్వందే మా ఇంట్లో కిమ్చీకి క్యాబేజీ కూడా దీంట్లో ఊరవెయ్యరు. ఓయ్ డైరెక్టరూ, మీ అమ్మ నీకు ఉప్పు తినడం కూడా నేర్పలేదా?"

"మా అమ్మ జోలికొస్తే చంపుతా!"

"రా. చంపుదువుగాని రా. ఇదిగో నీ మొదటి జాడీ!"

"వద్దు! ఒక్కొక్కటీ నా— ప్యో! పట్టుకో వాణ్ణి!"

"పగలగొట్టనివ్వండి. అవి చచ్చినవే."

"ఇది రెండోది! ఇది మూడోది! కంపు చూడరా, కంపు! కుళ్ళిన చేపలా ఉంది. దీన్నేనా సియోల్‌వాళ్ళకి అమ్ముతావ్? నువ్వు తిను ముందు. నోరు తెరు!"

"వదులు! మెడ వదులు— ఉమ్— ప్యో—"

"నములు! మింగు! చేదుగా ఉందా? మూడింతలుందా?"

"పెదనాన్నా, చాలు! గొడ్డలి అంచు గొంతుకి తగుల్తోంది! ఊపిరాడట్లేదాయనకి, వదలండి!"

"నీ మూతి పగలగొట్టింది వీడేగా? నువ్వేంట్రా వీడి తరఫు?"

"ఎవరి తరఫూ కాదు. వదలండి. ...వదలండి పెదనాన్నా, మీకు దణ్ణం పెడతాను. ...ఆ. డైరెక్టర్‌గారూ, లేవకండి, గోడకి ఆనుకుని ఊపిరి— డైరెక్టర్‌గారూ! ఆ ఇనప స్టూలు దించండి! పెదనాన్నా, వెనక!"

"తీసుకోరా ముసలి కుక్కా!"

"దేవుడా! తల! తల పగిలింది! పెదనాన్నా, పలకండి. నేనెవర్ని? నన్ను చూసి చెప్పండి."

"...అరవకు. చెవిలో నెత్తురు పడింది, వినబడుతూనే ఉంది. గొడ్డలేదీ?"

"నాకివ్వండి."

"నా చేతిలోనే ఉంది. చచ్చినా ఊడదు. లేపు నన్ను."

"ప్యో, వాడు లేచేలోగా ఏడో జాడీ తియ్యి! మూత తిప్పు! నువ్వు తియ్యకపోతే నేనే తీస్తా. తప్పుకో!"

"ముట్టుకోకండి."

"నన్నే ఆపుతావా? కాలు పెట్టు ముందుకి!"

"పెట్టను."

"ఏంటీ?"

"పెట్టను. మీరే ఓ అడుగు వెనక్కెయ్యండి. ఇంకా. అదిగో, అక్కడ ఉండండి."

"బావుందిరా. నలభై రెండేళ్ళకి మాట వచ్చింది. ఇప్పుడు నువ్వు కూడా పక్కకి జరుగు గ్యువన్."

"మీరెందుకు పెదనాన్నా ఇటు?"

"బతికింది అదొక్కటేనా?"

"అదొక్కటే."

"చచ్చినవాటి మీద అనవసరంగా చెయ్యి నొప్పి పెట్టుకున్నాను. జరుగు."

"దీనికి ఉప్పు వెయ్యలేదు! ఎప్పుడూ వెయ్యలేదు, పెదనాన్నా. ఇది మీరు ఇచ్చినది ఇచ్చినట్టే ఉంది."

"ఇవాళ వెయ్యలేదు. రేపు వేస్తారు. నువ్వు కాకపోతే ఇంకోడు. వాడి ముంగాలి మీద తన్నేవాడు ఇంకోడు. జరుగు, దాని కష్టం నేను తీరుస్తాను."

"పాతికేళ్ళు మీ పెరట్లో పాతి, ఒక్క ముక్క కొయ్యకుండా, ఎంతమంది అడిగినా అమ్మకుండా, తెచ్చి నా చేతిలో పెట్టారు. 'మీ నాన్న గుర్తు, చూసుకో' అన్నారు. అది మరిచిపోయారా?"

"ఏదీ మరవలేదు. అదేరా నా రోగం."

"మరి ఎందుకు?"

"అడక్కు. జరుగు. నీ మీద పడుతుంది దెబ్బ."

"పడనివ్వండి."

"ఒరే, నాకు నెత్తురు కళ్ళలోకి కారుతోంది. ఏది నువ్వో ఏది జాడీనో తెలియట్లేదు. మూడు లెక్కపెడతాను. ఒకటి."

"పెదనాన్నా—"

"కొట్టనివ్వు ప్యో! ఇద్దరూ చావండి, నాకు బీమా వస్తుంది!"

"రెండు."

"సింబ్వత్తా!"

"...ఏంట్రా?"

"సింబ్వత్తా!"

"ఆపు. ఒరే, ఆపు. ఆ గొంతు—"

"సింబ్వత్తా!"

"హహ! పిచ్చెక్కిందా ప్యోకి? ఆఫీసులో సింబ్వత్తా ఏంటి? ఏయ్ ముసలాయనా, ఏంటది, గాజుపెంకుల మీద కూర్చుంటావ్?"

"నువ్వూ కూర్చో."

"నేనా? నా ప్రయోగశాలలో నేను—"

"కేక వినబడలేదా? కూర్చో. కూర్చున్నచోటు నుంచి కూడా ఈ గొడ్డలి నీ మోకాలికి అందుతుంది."

"కూర్చున్నా! కూర్చున్నా! విసరకు!"

"గోడవైపు తిరుగు. అటు చూడకూడదు. ...ఆ. ఒరే గ్యువన్, కూర్చున్నాం ఇద్దరం. వేరు నీది."

"గొడ్డలి కింద పెట్టండి, పెదనాన్నా."

"పెట్టాను. కాలితో అటు తోసుకో. ...అచ్చం వాడి గొంతే."

"ఎవరిది?"

"మీ నాన్నది. యంగ్‌బే కేక కూడా ఇంతే. మూడోసారి కాస్త గీరుకుపోతుంది."

"నాన్న కేక ఎప్పుడు విన్నారు?"

"ఆ రోజు."

"ఆ రోజు అరిచింది మీరు కదా? చావింట్లో అందరిముందూ చెప్పారు. మీరు అరిచారు, నాన్న ఆచారం ప్రకారం కూర్చోబోయాడు, కాలికింద రాయి జారింది. పదకొండేళ్ళవాణ్ణి, మీ మోకాళ్ళ దగ్గర కూర్చుని విన్నాను. పెదనాన్నా, అరిచింది ఎవరు?"

"వాడే."

"మీరు?"

"నిలబడ్డాను. మూడుసార్లు అరిచాడు, మూడుసార్లూ నిలబడే ఉన్నాను. వాడు వంగి మట్టి తీస్తున్నాడు. పీచు చూశాను. మూరెడు పీచు. అలాంటిది మనిషికి జన్మలో ఒక్కసారి... వాడు వెనక్కి తిరిగి నవ్వాడు. 'కూర్చో అన్నా, కూర్చో' అన్నాడు, నవ్వుతూనే. నేను దగ్గరికెళ్ళి జబ్బ పట్టుకుని లాగాను. లాగానంతే."

"లాగితే కొండవైపు పడాలి. అక్కడికి నేనూ వెళ్ళాను, పెద్దయ్యాక. లాగితే కొండవైపు పడతారు. లోయవైపు కాదు."

"తోశాను. అందుకే అమ్మలేకపోయానురా. ఒక్క ముక్క కొయ్యలేకపోయాను. నీకిచ్చేస్తే తీరుతుందనుకున్నాను. నువ్వేమో ఒకదాన్ని పన్నెండు చేశావు. అది బతికున్నంతకాలం నన్ను చూస్తూనే ఉంటుంది. ఇవాళ ఉప్పు మాట చెప్పుకుని వచ్చాను కానీ... చంపేద్దామనే వచ్చాను. అప్పుడు కూర్చోలేదు. ఇప్పుడు కూర్చున్నాను. కొట్టు."

"విన్నావుగా ప్యో! గొడ్డలి నీ కాళ్ళ దగ్గరే ఉంది. వేసెయ్! నేనేమీ చూళ్ళేదు, గోడవైపే ఉన్నాను. ఆత్మరక్షణ అని నేనే సాక్ష్యం చెబుతా!"

"కొట్టరా. తల వంచాను. ఎంతసేపు వంచాలి?"

"ప్యో, ఏం ఆలోచిస్తున్నావ్?"

"మీరిద్దరూ ఒకటే కోరుతున్నారు డైరెక్టర్‌గారూ. గట్టిగా పిండితే నాలోంచి కూడా ఏదో కారుతుందని. కారుతోంది కూడా. చెయ్యి గొడ్డలివైపే పోతోంది."

"మరి కానివ్వు!"

"కానివ్వను. ఈ రోజు నుంచి ఉప్పు వెయ్యను. వేరుకీ, నాకూ."

"ఏంటా క్లిక్కు? ఏం చేస్తున్నావ్?"

"గాలిగొట్టం బిగించాను. జాడీ తీసుకెళ్తున్నాను. చున్‌చన్ యూనివర్సిటీలో క్రిములు చేరని పెట్టె పనిచేస్తుంది. గంటన్నర ప్రయాణం. అంతసేపు గాలి లేకపోయినా తట్టుకుంటుంది."

"అది నా కంపెనీ ఆస్తి! దొంగతనం అవుతుంది!"

"చూసింది నేను. అరిచింది నేను. మీరు కూర్చున్నారు."

"ఒరే గ్యువన్. నన్నిలా వదిలేసి పోతావా? ఏదో ఒకటి చెయ్యి. తిట్టు. ఉమ్మెయ్యి."

"తలకి ఈ గుడ్డ గట్టిగా అదుముకోండి. నెత్తురు ఆగాలి."

"లేవమంటావా?"

"నేను లెమ్మనలేదు."

"అయితే లేవను."

"డైరెక్టర్‌గారు లేస్తే?"

"నేను కూర్చుని ఉండగా వీడు లేవడు. పో."

"...హలో, పోలీసులేనా? ఇంజె, జిన్‌సెంగ్ ప్రయోగశాల నుంచి. నడుస్తూ మాట్లాడుతున్నాను, చేతిలో బరువుంది. ఒకాయనకి తల పగిలింది, అంబులెన్సు కూడా పంపండి. కొట్టినాయన కూడా అక్కడే ఉన్నాడు. ...నా పేరు ప్యో గ్యువన్. ప్యో యంగ్‌బే కొడుకుని. ముప్పైయొక్కేళ్ళ కిందట కాలుజారి చచ్చిపోయాడని మీ దగ్గర రాసి ఉంటుంది. అది దిద్దాలి, చున్‌చన్ నుంచి తిరిగి రాగానే వచ్చి చెబుతాను. ...లేదండీ, తాళం వెయ్యలేదు. అసలు తలుపే లేదు, పగిలిపోయింది. ...పారిపోరు. మీరు నిదానంగా రండి. నేను లెమ్మనేదాకా లేవరు."